నొప్పి ఎక్కడిదో తేలాకే గర్భసంచి మాట

ముందు ఒక అంకె: 34. గర్భసంచి తీయించుకున్నారా అని 2015-16 నాటి నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నుంచి 49 ఏళ్ల మహిళలను అడిగింది. తీయించుకున్నామన్న వాళ్లను ఆపరేషన్ నాటి వయసును బట్టి వరుసలో నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్నామె వయసు 34. సగం మందికి అంతకన్నా ముందే ఆపరేషన్ అయిపోయింది. కాళేశ్వరంలోనో మహదేవపూర్‌లోనో 34 ఏళ్ల ఆడమనిషి అంటే పెద్దపిల్ల ఇంటర్‌లో ఉంటుంది, చిన్నోడు ఇంకా బడికి పోతుంటాడు. పత్తి ఏరడానికీ మిరపకాయలు తెంపడానికీ రోజూ పోయే మనిషి. ముట్లు వాటంతట అవి ఆగడానికి ఆమెకు ఇంకా పన్నెండేళ్ల దాకా ఉంది.

అదే సర్వేలో దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది గర్భసంచి తీయించుకున్నారు. తెలంగాణలో నూటికి 7.7 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దీన్ని మహిళా సంఘం లెక్కలో చూడండి. దేశ సగటున ముప్పై మందిలో ఒకరైతే, మన దగ్గర పదమూడు మందిలో ఒకరు. సంఘం మీటింగులో చాప మీద కూర్చున్న వాళ్లలో సగటున ఒకరన్నమాట. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కన్నా రెండింతలు జబ్బు పడవు కదా. తేడా శరీరంలో లేదు, నిర్ణయం జరిగే తీరులో ఉంది.

ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో మనకు తెలిసిందే. ఏడాదిగా పొత్తికడుపులో నొప్పి, నడుం గుంజుడు, తెల్లబట్ట. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది, మాత్రలు. తర్వాత పట్నంలో స్కానింగు. "గర్భసంచి వాచింది, పుండు పడింది, ఉంచితే క్యాన్సర్ అయితది" అనే మాట చెవిన పడుతుంది. ఇంట్లో పెద్దామె అంటుంది: "పిల్లలు అయిపాయె, పిల్లలు గాకుంట ఆపరేషన్ గూడ అయిపాయె, ఇంక ఆ సంచితోని ఏం పని?" వారంలో మంచం బుక్కయిపోతుంది. ఆ వారాన్ని రెండు మూడు నెలలుగా సాగదీస్తే ఏమవుతుందన్నది ఈ కథనం. కొందరికి చివరికి ఆపరేషనే సరైన మందు అవుతుంది, ఆ సంగతి కూడా దాచను.

మొదటి సందేహం: ఇంత నొప్పి గర్భసంచిది కాక ఇంకెవరిది? ఆరు నెలలకు మించి ఉండే పొత్తికడుపు నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఈ నొప్పికి చిరునామా పట్టుకోవడం కష్టం. పొత్తికడుపులో గర్భసంచికి ముందు మూత్రాశయం, వెనక పెద్దపేగు చివరి భాగం, పక్కల అండాశయాలు, కింద వీటన్నిటినీ ఉట్టిలా మోసే కండరాలు ఉంటాయి. ఒకే గోడ పంచుకున్న ఇళ్ల లాంటివి ఇవి. ఒక ఇంట్లో పొయ్యి రాజేస్తే పొగ పక్కింట్లోంచి కూడా వస్తుంది. వీటి నరాలు వెన్నుపాములోకి దాదాపు ఒకే దారిన చేరతాయి కాబట్టి, నొప్పి ఏ ఇంటిదో మెదడుకు కూడా సరిగ్గా తెలియదు.

అందుకే ఒకే నొప్పికి కారణాలు అనేకం. గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకే చొచ్చుకుపోతే అడినోమయోసిస్. ఆ పొరలాంటిదే సంచి బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరిగితే ఎండోమెట్రియోసిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లలు కనే వయసు స్త్రీలలో దాదాపు నూటికి పది మందికి ఇది ఉంటుంది, అంటే ప్రపంచంలో 19 కోట్ల మందికి. ఇవి కాక గర్భాశయ నాళాల ఇన్ఫెక్షన్, మన దేశంలో మరిచిపోకూడని గర్భాశయ టీబీ, చికాకు పడ్డ పేగులు, మూత్రాశయం వాపు, పట్టేసిన కండరాలు ఉన్నాయి. పాత ఆపరేషన్ల తర్వాత లోపల అవయవాలు ఒకదానికొకటి అతుక్కోవడమూ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 విడత ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో నూటికి 60.7 సిజేరియన్లే. మన పొట్టల మీద ఎన్ని కుట్లున్నాయో దీన్నిబట్టి ఊహించవచ్చు. టీబీకి మందులు వాడాలి, పేగులకు తిండి మార్చుకోవాలి, కండరాలకు ఫిజియోథెరపీ కావాలి. ఈ మూడింటిలో దేనికీ గర్భసంచి తీయడం జవాబు కాదు. ఎండోమెట్రియోసిస్‌లోనైతే సంచి తీసేసినా, బయట అంటుకున్న ముక్కలను వదిలేస్తే నొప్పి వాటితో పాటే మిగిలిపోవచ్చు.

నొప్పి ఎవరిదో తేల్చడానికి అన్నిటికన్నా చవకైన పరికరం మీ గోడ మీదే ఉంది. క్యాలెండర్. రెండు నెలల పాటు ప్రతి రాత్రి ఆ రోజు గడిలో నొప్పికి సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయండి. ముట్టు రోజులకు సున్నా చుట్టండి. దొడ్డికి పోయాక తగ్గిందా, మూత్రం ఆపుకుంటే పెరిగిందా, భార్యాభర్తలు కలిసినప్పుడు నొచ్చిందా, రోజంతా వంగి పత్తి ఏరిన నాడు ఎక్కువైందా అన్నవి మీకు అర్థమయ్యే గుర్తులతో రాసుకోండి. అంకెలు ముట్టు చుట్టూ పెరిగి తర్వాత తగ్గుతుంటే వేలు గర్భసంచి వైపో ఎండోమెట్రియోసిస్ వైపో చూపిస్తుంది. ముట్టుతో సంబంధం లేకుండా పడి లేస్తుంటే పేగులనూ, మూత్రాశయాన్నీ, కండరాలనూ చూడాలి. డాక్టరమ్మ మీకు ఇవ్వగలిగేది పది నిమిషాలే కావచ్చు. ఆ పది నిమిషాల్లో ఈ రెండు కాగితాలు చెప్పినంత మనం నోటితో చెప్పలేం.

ఇక స్కానింగు కాగితం. దాని మీది ఇంగ్లిష్ మాటలు భయపెట్టినంతగా జబ్బు భయపెట్టదు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. "బల్కీ యుటెరస్" అంటే గర్భసంచి కొంచెం పెద్దగా ఉందని. మామూలు గర్భసంచి మూడు అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పుతో ఒక చిన్న జామకాయంత ఉంటుంది. రెండు మూడు కాన్పులైన సంచి అంతకన్నా పెద్దగా ఉండటం సహజం. ఆ ఒక్క మాట జబ్బు పేరు కాదు. "ఎరోజన్" అనే మాటను మన దగ్గర పుండు అని చెబుతారు. చాలాసార్లు అది పుండే కాదు. గర్భాశయ ముఖద్వారం లోపలి వైపు ఉండే ఎర్రటి సున్నితమైన పొర బయటి వైపుకు కనిపించడమే. "నాబోథియన్ సిస్ట్" అంటే ఆ ముఖద్వారం మీది చిన్న నీటి బుడగ, దానికి వైద్యమే అక్కర్లేదు.

"ఫైబ్రాయిడ్" అంటే గర్భసంచి కండరంలో పెరిగే గడ్డ. ఇది క్యాన్సర్ గడ్డేమో అన్నది అందరి భయం. అమెరికాలో 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, యాభై ఏళ్లకు చేరేసరికి తెల్ల మహిళల్లో నూటికి 70 మందికి, నల్లజాతి మహిళల్లో 80 మందికి పైగా ఈ గడ్డలు ఉండే అవకాశం ఉందని తేలింది. అంటే నెరిసిన వెంట్రుకలంత మామూలు విషయం. ఎక్కువ మందికి ఇవి ఉన్నట్టు కూడా తెలియదు, ముట్లు ఆగాక కుంచించుకుపోతాయి. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసిన వాళ్లలోనే సుమారు 350 మందిలో ఒకరికి అది క్యాన్సర్‌గా తేలుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లో అంచనా వేసింది. నిమ్మకాయంత గడ్డ ఉందని చెబితే అడగాల్సిన ప్రశ్న "ఉందా లేదా" అని కాదు. "నా నొప్పికి, నా రక్తస్రావానికి కారణం ఇదేనా?" అని.

మరి తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ కాదా? కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అది ముదరడానికి ఏళ్లు పడుతుంది, ముందే పట్టుకునే పరీక్షలు ఉన్నాయి. వాటిలో ఒకదానికి పలచటి వెనిగర్ లాంటి ద్రావణం చాలు. ముఖద్వారం మీద అద్ది ఒక నిమిషం చూస్తారు, తేడా ఉన్న చోట తెల్లగా మారుతుంది. 2019-21 సర్వే ప్రకారం దేశంలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న వాళ్లు నూటికి ఇద్దరే. పరీక్ష చేయించుకునే వాళ్లు ఇద్దరు, క్యాన్సర్ భయంతో గర్భసంచి తీయించుకునే వాళ్లు ఎందరో. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

తొందరపడాల్సిన సందర్భాలు లేకపోలేదు. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనిపించడం, కలయిక తర్వాత రక్తం రావడం, నెల మధ్యలో పదే పదే కావడం, ఒళ్లు తగ్గిపోతూ పొట్ట పెరగడం, జ్వరంతో కూడిన నొప్పి. వీటిలో ఏది ఉన్నా క్యాలెండర్ నిండేదాకా ఆగకండి, ఆ వారమే వెళ్లండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. తీయిస్తే నొప్పి పోతుందా? అమెరికాలో దీర్ఘకాలిక పొత్తికడుపు నొప్పితో గర్భసంచి తీయించుకున్న 308 మందిని ఏడాది తర్వాత అడిగిన అధ్యయనం ఒకటి 1995లో వచ్చింది. నూటికి 74 మందికి నొప్పి పూర్తిగా పోయింది. 21 మందికి తగ్గింది గానీ పోలేదు. 5 మందికి అలాగే ఉంది, లేదా పెరిగింది. కాళేశ్వరం నుంచి వరంగల్ పోయే యాభై సీట్ల బస్సులో వీళ్లందరినీ ఎక్కిస్తే, 37 మంది హాయిగా దిగుతారు, పదిమందికి పైగా సగం సగం ఊరటతో దిగుతారు, ఇద్దరు ముగ్గురు ఎక్కినప్పటి బాధతోనే దిగుతారు. ఇది చిన్న మేలు కాదు. నొప్పి గర్భసంచిదే అని తేలిన స్త్రీకి, మందులు వాడి విసిగిన స్త్రీకి, ఈ ఆపరేషన్ జీవితాన్ని తిరిగి ఇవ్వగలదు.

కానీ మరో లెక్క ఉంది. డెన్మార్క్‌లో క్యాన్సర్ కాని కారణాలతో గర్భసంచి తీయించుకున్న 1,135 మందిని ఏడాది తర్వాత అడిగి 2007లో ప్రచురించారు. దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక మేరకు పొత్తికడుపు నొప్పి ఉంది. వాళ్లలో కొందరికైతే ఆపరేషన్‌కు ముందు లేని నొప్పి కొత్తగా మొదలైంది. రెండు లెక్కలూ కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి గానీ, కొట్టుకోవు. మొదటిది నొప్పి కోసమే తీయించుకున్న వాళ్లది. రెండోది అన్ని రకాల కారణాలతో తీయించుకున్న వాళ్లది, ఎంత చిన్న నొప్పినైనా అందులో లెక్కేశారు. ఏళ్ల తరబడి నొప్పి మోసిన నరాలు కారణం పోయాక కూడా అలవాటుగా మోగుతూనే ఉండవచ్చు. మంట ఆరిపోయినా ఆగకుండా మోగే అలారం లాంటిది అది. అలాంటి నొప్పికి కత్తి పనిచేయదు, వేరే మందులూ వ్యాయామమూ కావాలి.

మందులతో ఎంత దూరం పోవచ్చు? రక్తస్రావం ఎక్కువగా ఉన్న వాళ్లకు ఇది ముఖ్యమైన ప్రశ్న. మామూలు ముట్టులో మొత్తం మీద పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు, హోటల్ చాయ్ గ్లాసులో సగం. నిండు గ్లాసు, అంటే 80 దాటితే ఎక్కువని పాత కొలత. దాన్ని ఎవరూ కొలవలేరు కాబట్టి గంటకో ప్యాడ్ తడవడం, పది రూపాయల బిళ్లంత గడ్డలు పడటం గుర్తుగా పెట్టుకోండి. రక్తం తగ్గించే మాత్రలు, నొప్పి మాత్రలు, హార్మోను మాత్రలు ఉన్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోను లూప్ కూడా ఉంది. చిన్న ప్లాస్టిక్ పుల్ల లాంటిది, లోపల ఉండి ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా మందు వదులుతుంది. ఫిన్లాండ్‌లో అధిక రక్తస్రావం ఉన్న 236 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గర్భసంచి తీశారు, రెండో జట్టుకు ఈ లూప్ పెట్టారు. పదేళ్లు గడిచాక చూస్తే లూప్ జట్టులో నూటికి 46 మంది చివరికి ఆపరేషనే చేయించుకున్నారు, 54 మందికి ఆ అవసరం రాలేదు. సగానికి సగం. లూప్ అద్భుతమని నేను అనను, కానీ ముందు ప్రయత్నించడం వల్ల పోయేదేమీ లేదని ఈ లెక్క చెబుతోంది. ఆపరేషన్ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, తీసిన సంచిని మాత్రం తిరిగి పెట్టలేం.

పిల్లలు అయిపోయాక ఆ సంచితో పనేంటి అన్న పెద్దామె మాటకు కూడా జవాబు బాకీ ఉంది. అసలు పేచీ సంచితో కన్నా దాని పక్కనున్న అండాశయాలతో. బాదం గింజ కన్నా కాస్త పెద్దవైన ఈ రెండూ ఎముకలకూ గుండెకూ నిద్రకూ కావాల్సిన ఈస్ట్రోజన్ అనే హార్మోనును తయారు చేస్తాయి. "ఎలాగూ పొట్ట కోస్తున్నాం కదా, అవి కూడా తీసేద్దాం" అంటే, 34 ఏళ్ల మనిషి ఒక్క రాత్రిలో 46 ఏళ్ల మనిషి అవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం ఆ వారమే మొదలవుతాయి. ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు నెమ్మదిగా వస్తాయి. అలా తీయక తప్పనప్పుడు సహజంగా ముట్లు ఆగే వయసు దాకా హార్మోను మందు వాడటం గురించి డాక్టరుతో మాట్లాడాలి. అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీసినా, వాటి పని కొంత ముందే ఆగుతుంది. 2005లో వచ్చిన న్యూజిలాండ్ అధ్యయనంలో ఆ తేడా 3.7 ఏళ్లు. కాబట్టి "గర్భసంచి తీయాలా?" అన్నది ఒక ప్రశ్న, "అండాశయాలు తీయాలా?" అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. రెండింటికీ విడివిడిగా కారణం అడగండి.

ఖర్చు సంగతి. ఆరోగ్యశ్రీ ఉన్నా కోలుకునే ఆరు వారాలకు ఏ కార్డూ కూలి ఇవ్వదు. ఉపాధి హామీలో 2024-25 నాటి రోజు కూలి 300 రూపాయలు పట్టుకున్నా, వారానికి ఆరు రోజుల చొప్పున 36 రోజులకు 10,800. బిందె ఎత్తకూడదు, మూట మోయకూడదు. ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో కూడా ముందే మాట్లాడుకోవాలి. రక్తం సంగతీ అంతే. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణ మహిళల్లో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉంది. అత్యవసరం కానప్పుడు, రెండు నెలలు ఐరన్ వాడి రక్తం పెంచుకుని ఆపరేషన్‌కు వెళ్లడం క్షేమం.

ఇదంతా మన ఒక్కరి గోడు కాదు. కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకునే గోదావరి అంతకు ముందు మహారాష్ట్రలోని బీడ్ జిల్లా సరిహద్దు వెంట పారి వస్తుంది. అక్కడ చెరకు కోతకు వలసపోయే 82,309 మంది మహిళలను 2019లో ప్రభుత్వం సర్వే చేస్తే 13,861 మందికి గర్భసంచి లేదు, ఆరుగురిలో ఒకరికి. ముట్టు నొప్పితో ఒక రోజు పని మానితే మేస్త్రీ కూలి కోసే చోట, ఆపరేషన్ జబ్బుకు కాక పనికి జరుగుతుంది. మన దగ్గర డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి 2009లోనే అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద అధ్యయనం చేసి హెచ్చరించారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన వాటిపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలన్నిటినీ కోర్టు ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు అందులో భాగం.

సంతకం గురించి కూడా ఒక తీర్పు ఉంది. పరీక్ష కోసమని మత్తిచ్చిన 44 ఏళ్ల మహిళకు, ఆమె తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. సమీరా కోహ్లీ కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ప్రాణాపాయం లేనప్పుడు, తన నిర్ణయం తాను తీసుకోగల స్త్రీ బదులు ఆమె తల్లి సంతకం చెల్లదు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదు. మీ భర్త, అత్తమ్మ పక్కనే ఉండొచ్చు, ఉండాలి కూడా. ఒప్పుకోవాల్సింది మాత్రం మీరే.

రెండో డాక్టరుకు చూపిస్తే మొదటి డాక్టరుకు కోపం వస్తుందేమో అనుకోకండి, మంచి డాక్టరు దాన్ని తప్పు పట్టరు. పల్లె దవాఖానలో ఏఎన్ఎంతో మొదలుపెట్టండి. ప్రభుత్వం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారాలు మహిళల కోసమే పెట్టినవి, మీకు దగ్గరలో ఎక్కడుందో ఆశా వర్కర్‌ను అడగండి. భూపాలపల్లి జిల్లా ఆసుపత్రి ఉంది. ఇంకా తేలకపోతే వంద కిలోమీటర్లకు పైనే ఉన్న వరంగల్‌లో పెద్ద సర్కారు ప్రసూతి ఆసుపత్రులు ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. పాత స్కానింగులు, మందుల చీటీలు, ఆ రెండు నెలల క్యాలెండర్ సంచిలో పెట్టుకుని వెళ్లండి.

అన్నీ చూసుకుని ఆపరేషనే చేయించుకున్నారనుకోండి. డిశ్చార్జి రోజు ఏమేం తీశారో, అండాశయాలు ఉంచారో లేదో కాగితం మీద రాయించుకోండి. తీసిన సంచిని బయాప్సీకి పంపుతారు, పది పదిహేను రోజులకు వెళ్లి ఆ రిపోర్టు అడిగి తెచ్చుకోండి. నొప్పికి అసలు కారణం ఏమిటో చాలాసార్లు బయటపడేది ఆ రిపోర్టులోనే. ఇరవై ఏళ్ల తర్వాత ఎముకల నొప్పితో ఎక్కడికి పోయినా, మొదట అడిగేది అండాశయాలు ఉన్నాయా తీశారా అని. "ఏమో, మొత్తం తీసిన్రట" అనే జవాబుతో ఏ డాక్టరూ మందు రాయలేరు. రెండు కాగితాలనూ పట్టాదారు పాసుపుస్తకం పెట్టే చోటే పెట్టుకోండి.